ప్రజాభిప్రాయ సేకరణలో మా మాట ఎవరైనా వింటారా?

ప్రశ్న: మాది ఆంధ్రాలో ఒక చిన్న పల్లె. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపే బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటు పెడతారట. రెండు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. పేపర్లో ప్రకటన వచ్చింది, వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ సభ. మాకు సొంతం ఎకరంన్నర ఉంది, ఇంకో నాలుగెకరాలు కౌలుకు చేస్తాం. ఆ కౌలు భూమి ప్లాంటుకు పోయే సర్వే నంబర్లలో ఉంది. మా మరిది ఐటీఐ చదివాడు, ప్లాంటు వస్తే ఉద్యోగం దొరుకుతుందని ఆశగా ఉన్నాడు. మావారేమో "వచ్చేది ఎలాగూ వస్తుంది, మనం నోరెత్తితే లేనిపోని కేసులు" అంటున్నారు. నేను డ్వాక్రా సంఘంలో లీడర్‌ని. మా సంఘంలో ఆడవాళ్లందరికీ బూడిద గురించి, నీళ్ల గురించి టెన్షన్‌గా ఉంది. సభకు వెళ్లి మాట్లాడితే ఏమైనా లాభం ఉంటుందా? ఏం అడగాలి? ప్లాంటు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి కంపెనీ ఇచ్చిన నివేదిక పెద్ద పుస్తకమట, ఇంగ్లిష్‌లో ఉందట. ఇంటర్ వరకే చదివిన నేను దాన్ని ఎలా పట్టుకోవాలి?
(పేరు, ఊరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు:

అమ్మా,

వెళ్లండి, మాట్లాడండి. దానికన్నా ముందు రాసి ఇవ్వండి. ఎందుకో చెబుతాను.

ఈ సభను చాలామంది ఓటింగ్ అనుకుంటారు. అందరం వద్దంటే ఆగిపోతుందని కొందరి నమ్మకం, కంపెనీ లారీల్లో జనాన్ని దించి కావాలనిపిస్తే వచ్చేస్తుందని ఇంకొందరి భయం. ఆ రోజు అక్కడ చేతులు లెక్కపెట్టరు. కలెక్టరుగారు ఆ వేదిక మీద అనుమతి ఇవ్వరు, నిరాకరించరు కూడా. 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు ప్లాంటు అయితే పర్యావరణ అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ శాఖ. మీ దగ్గర వచ్చేది 1600 మెగావాట్లు కాబట్టి ఫైలు అక్కడికే పోతుంది. అక్కడ నిపుణుల కమిటీ ఒకటి కూర్చుని, కంపెనీ ఇచ్చిన నివేదికనూ మీ సభ మినిట్స్‌నూ (సభలో ఎవరేం అన్నారో రాసిన రికార్డు) ముందు పెట్టుకుని సిఫారసు చేస్తుంది. ఆ కమిటీలో చాలామంది మీ ఊరి ముఖం చూసి ఉండరు. మీ చెరువు ఒకటి ఉందని, దాని కింద ఇన్ని ఎకరాలు పండుతాయని వాళ్లకు తెలియాలంటే కంపెనీ అయినా రాయాలి, మీరైనా రాయాలి. కంపెనీ రాయనిది మీరు రాయకపోతే ఆ చెరువు ఢిల్లీ ఫైల్లో లేనట్టే.

మరి మీరు రాసింది వాళ్లు పక్కన పడేస్తే? 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు దీని గురించే తీర్పు చెప్పింది. అది గోవా గనుల కేసు. ప్రజాభిప్రాయ సేకరణలో వచ్చిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ ఒక్కొక్కటిగా పరిశీలించాలి, వాటిని ఎందుకు ఒప్పుకుందో ఎందుకు కాదందో కారణాలు చెప్పాలి అన్నది దాని సారాంశం. కాబట్టి రికార్డులోకి ఎక్కిన అభ్యంతరానికి ఢిల్లీ జవాబు చెప్పాలి. చెప్పకపోతే రేపు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అదే మీ ఆయుధం. గాలిలో కలిసిపోయిన నినాదానికి ఆ బలం ఉండదు.

మన గడ్డ మీదే దీనికి గట్టి సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు పెట్టాలనుకున్నారు. కాగితాల మీద అది పనికిరాని నేల. నిజానికి ఆ బీల నీళ్లతో చుట్టుపక్కల పొలాలు తడిసేవి, అందులో చేపలు పట్టుకుని బతికేవాళ్లు ఉన్నారు, పక్షులు వచ్చేవి. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంఘం వాళ్లు ఊరేగింపులతో ఆగలేదు. నివేదికలో రాసింది అబద్ధమని ఆధారాలు సేకరించారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు తోడు నిలిచారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో, పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న వాస్తవం ఆ తీర్పుకు కీలకం. పోయిన ప్రాణాలను తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్లీ కాల్పులు జరిగాయి. మీ ఊళ్లో అలాంటి రోజు ఎప్పటికీ రాకూడదు. అది రాకుండా ఉండాలంటే గొడవ రోడ్డు మీదికి రాకముందే కాగితం మీదికి రావాలి. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

యాదాద్రి ప్లాంటు సంగతి కూడా తెలుసుకోండి. అందులో ఆశా ఉంది, హెచ్చరికా ఉంది. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల ఆ ప్లాంటుకు 2017లో అనుమతి వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థ అప్పీలుకు వెళ్లింది. అధ్యయనాలు చాలలేదని, అదనంగా చేయించి మళ్లీ పరిశీలించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి 2022 సెప్టెంబర్ 30న ఆ అనుమతిని సస్పెండ్ చేసింది. 2024లో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సి వచ్చింది. కానీ అప్పటికే కట్టడం చాలా దూరం పోయింది, ఆ ఏడాది డిసెంబర్‌లో మొదటి 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రారంభించారు కూడా. ట్రిబ్యునల్ మీ మాట ఒప్పుకునేసరికి చిమ్నీ లేచి ఉండవచ్చు. అందుకే చేయగలిగినదంతా ఈ నెల రోజుల్లోనే చేయాలి.

ఇక ఆ పుస్తకం. భయపడకండి. 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నివేదిక సారాంశాన్ని తెలుగులో కూడా ఇవ్వాలి. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన వేయాలి, ముసాయిదా నివేదికను కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక పంచాయతీలో చూడ్డానికి పెట్టాలి. రేపే మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడగండి. లేదంటే లేదని కార్యదర్శి చేత రాయించుకోండి, రాయనంటే మీరే తేదీ వేసి ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు చిన్న కాగితమే అయినా, నిబంధనల ప్రకారం నివేదిక అందుబాటులో లేదని రుజువు చేయడానికి పనికొస్తుంది. పూర్తి నివేదిక పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లోనూ దొరుకుతుంది. మీ మరిది ఐటీఐ చదివాడన్నారు కదా, డౌన్‌లోడ్ చేసే పని అతనికే అప్పజెప్పండి. ప్లాంటు కావాలనుకునేవాడు కూడా అందులో ఏముందో చదివి కావాలనుకోవాలి.

మొత్తం చదవనక్కర్లేదు. ముందు మీ ఊరి పేరు వెతకండి. నివేదిక ప్లాంటు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని అధ్యయనం చేస్తుంది. మీ ఊరు నాలుగు కిలోమీటర్లలో ఉంది కాబట్టి అందులో తప్పకుండా ఉండాలి. ఉంటే ఏమని రాశారు? మీ చెరువులు, వాగులు, పంట కాలువలు మ్యాపులో ఉన్నాయా? రెండు పంటలు పండే భూమిని ఒకే పంట అని, మెట్ట అని, బంజరు అని రాశారా? గాలి, నీటి శాంపిళ్లు ఎక్కడ తీశారు, ఏ నెలల్లో తీశారు? మీ బోరు నీళ్లు తీసినట్టు రాసి ఉంటే, నిజంగా ఎవరైనా వచ్చి తీశారా అని ఆ ఇంటివాళ్లను అడగండి. ఇది పోలీసు విచారణలా అనిపించవచ్చు గానీ తప్పదు. ఈ నివేదిక తయారుచేసే కన్సల్టెంట్‌కు డబ్బు ఇచ్చేది ప్లాంటు పెట్టే కంపెనీయే. మహారాష్ట్ర రత్నగిరిలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యాలోని గని వివరాలు యథాతథంగా కనిపించి దేశమంతా గగ్గోలు పుట్టింది. కాపీ కొట్టినవాళ్లకు మీ ఊరి వాగు పేరు తెలియదు, మీకు తెలుసు. తప్పు పట్టుకోవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

మీ సంఘంలో ఆడవాళ్లంతా కలిసి ఒక నోటు పుస్తకం పెట్టండి. చెరువు పేరు, దాని కింద ఆయకట్టు, మంచినీళ్ల బోర్లు ఎన్ని, ఎంత లోతు, వేసవిలో ఎంతకు దిగుతాయి, ఏ నెలలో గాలి ఎటు నుంచి వీస్తుంది, బడి ఎక్కడ, అంగన్‌వాడీ ఎక్కడ, గొర్రెలూ బర్రెలూ మేసే పోరంబోకు ఎంత. ఫోనులో ఫొటోలు తీయండి, తేదీ కనబడేలా. నీళ్లు మోసేది, పశువులను మేపేది ఎక్కువగా మీరే కాబట్టి ఈ లెక్కలు మగవాళ్ల కన్నా మీకే బాగా తెలుస్తాయి.

ఇప్పుడు ఏం అడగాలన్నది. 1600 మెగావాట్లంటే ఎంతో మన కళ్లకు ఆనేలా ఒకసారి లెక్క వేసుకుందాం. ఏడాదిలో 85 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 1190 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. మన దేశపు బొగ్గయితే యూనిట్‌కు ఇంచుమించు 600 నుంచి 700 గ్రాములు కాలుతుంది. అంటే ఏడాదికి 70 నుంచి 80 లక్షల టన్నులు, రోజుకు 20 వేల టన్నులు, అంటే గూడ్సు రైళ్లు రోజుకు ఐదారు. అందులో బూడిద మూడో వంతుకు పైమాటే. 35 శాతం వేసుకున్నా ఏడాదికి 25 లక్షల టన్నులు దాటుతుంది. పాతికేళ్లు నడిస్తే ఆరు కోట్ల టన్నులు. నీళ్లకు కేంద్రం పెట్టిన పరిమితి కొత్త ప్లాంటుకు యూనిట్‌కు 3 లీటర్లు. ఆ లెక్కన ఏడాదికి ఒకటింపావు టీఎంసీ. టీఎంసీకి పదివేల ఎకరాలు తడుస్తాయన్నది మన దగ్గర సాధారణంగా చెప్పే లెక్క.

సభలో మొదటి ప్రశ్న నీళ్ల గురించి ఉండాలి. ఏ నది, ఏ రిజర్వాయరు నుంచి తీసుకుంటారు, ఇప్పుడు ఆ నీళ్లు ఎవరి పొలాలకు పోతున్నాయి, వానలు పడని ఏడాది ముందు ఎవరికి ఆపుతారు? జల వనరుల శాఖ ఇచ్చిన కేటాయింపు ఉత్తర్వు చూపించమనండి.

బూడిద మీద ఎక్కువ సమయం తీసుకోండి, మీ భయం సరైనదే. 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ ప్రకారం ప్లాంటు నుంచి వచ్చే బూడిద మొత్తాన్ని సిమెంటుకో, ఇటుకలకో, రోడ్లకో వాడేయాలి. వాడకపోతే టన్నుకు 1000 రూపాయల జరిమానా. నిబంధన మంచిదే. మరి మీ ప్లాంటు బూడిద ఏడాదికి పాతిక లక్షల టన్నులు ఎవరు కొంటారు? ఏ సిమెంటు ఫ్యాక్టరీతో ఒప్పందం ఉంది, కాగితం ఎక్కడ? లారీలు ఏ రోడ్డు మీద పోతాయి, మీ బడి ముందు నుంచా? మిగిలిన బూడిదకు చెరువు ఎక్కడ కడతారు, దాని అడుగున ప్లాస్టిక్ పొర వేస్తారా, గట్టు ఎంత ఎత్తు, కింద ఎవరి ఇళ్లున్నాయి? 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలి జిల్లాలో సాసన్ ప్లాంటు బూడిద చెరువు గట్టు తెగి, పిల్లలతో సహా మనుషులు కొట్టుకుపోయి చనిపోయారు. ఆ బురద పొలాల మీద పేరుకుపోయింది. గట్టు తెగితే మీ ఊరికి ఎంతసేపట్లో వస్తుంది, ఎవరు హెచ్చరిస్తారు అని అడగడం మీ హక్కు.

పొగ విషయంలో ఒక కొత్త సంగతి తెలిసి ఉండాలి. గంధకం పొగను కడిగే యంత్రాన్ని ఎఫ్‌జీడీ అంటారు. దేశంలో బొగ్గు ప్లాంట్లన్నీ దాన్ని పెట్టాలని 2015లో వచ్చిన ప్రమాణాల ఉద్దేశం. గడువులు పొడిగిస్తూ పోయి, కేంద్రం 2021లో ప్లాంట్లను మూడు వర్గాలుగా విడగొట్టింది; 2025 జూలై 11న, పెద్ద నగరాలకూ బాగా కలుషితమైన ప్రాంతాలకూ దూరంగా ఉన్న వాటికి చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే గంధకం పొగ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చింది. మీ పల్లె పక్కన వచ్చేది ఆ మినహాయింపులోకి వచ్చే అవకాశం ఎక్కువ. పల్లెల్లో ఊపిరితిత్తులు నగరాల్లోవాటి కన్నా గట్టివి కావు. "మీ ప్లాంటు ఏ వర్గం? మినహాయింపు ఉన్నా ఎఫ్‌జీడీ పెడతారా?" అని సూటిగా అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి.

సభకు ముందు ఇంకో పని చేయండి. సంఘం నుంచి ఐదారుగురు, మీ మరిదిని కూడా తీసుకుని, ఇప్పటికే ప్లాంటు ఉన్న ఊరికి ఒకరోజు వెళ్లిరండి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, విశాఖ దగ్గర పరవాడ, నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు, ఏది దగ్గరైతే అది. ప్లాంటు గేటు దగ్గర కాదు, బూడిద చెరువు వైపు ఉన్న ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడండి. ఎండాకాలం గాలి లేస్తే బట్టలు ఎక్కడ ఆరేస్తారు, బోరు నీళ్లు తాగుతున్నారా, డబ్బా నీళ్లు కొంటున్నారా, ఊళ్లో ఎంతమందికి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, ఎంతమంది కాంట్రాక్టు మీద ఉన్నారు. ప్లాంటు వల్ల తమ బతుకు బాగుపడిందని చెప్పేవాళ్లూ అక్కడ కనబడతారు, వాళ్ల మాటా శ్రద్ధగా వినండి.

మీ మరిది ఆశను తీసిపారేయకండి. కరెంటు అవసరం నిజమే. 2031-32 నాటికి కనీసం 80 వేల మెగావాట్ల కొత్త బొగ్గు ప్లాంట్లు కావాలన్నది కేంద్రం లెక్క. ఉద్యోగం కోసం చూసే కుర్రాడిని ఊరికి ద్రోహిలా చూడటం అన్యాయం, అలా చూస్తే ఇల్లే రెండుగా చీలుతుంది. కానీ ప్లాంటు కట్టే నాలుగైదేళ్లు వేలమందికి పని ఉంటుంది, కట్టడం అయ్యాక ఇంత పెద్ద ప్లాంటులో శాశ్వత ఉద్యోగాలు వందల్లోకి దిగుతాయి. అందులోనూ పరీక్ష రాసి, ట్రైనింగ్ తీసుకుని వచ్చేవాళ్లతో అతను పోటీ పడాలి. కాబట్టి అతన్ని కూడా సభలో మాట్లాడమనండి: స్థానికులకు శాశ్వత ఉద్యోగాలు ఎన్ని, ఏ అర్హతకు, ఎప్పట్లోగా, శిక్షణ ఎవరిస్తారు? "స్థానికులకు ప్రాధాన్యం ఇస్తాం" అన్న వాక్యం దగ్గర ఆగిపోవద్దు. అంకె చెప్పించాలి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ నాలుగెకరాల కౌలు. భూమి యజమానికి పరిహారం వస్తుంది. మీకు? 2013 భూసేకరణ చట్టం కౌలు రైతునూ వ్యవసాయ కూలీనీ కూడా బాధిత కుటుంబంగానే చూస్తుంది, భూసేకరణకు ముందు మూడేళ్లుగా అదే ప్రధాన జీవనాధారం అయి ఉంటే. ఉద్యోగం, లేదంటే ఒకేసారి 5 లక్షలు, లేదంటే నెలకు కనీసం 2 వేల చొప్పున 20 ఏళ్లు అని పునరావాస షెడ్యూల్‌లో ఉంది. అయితే దీనికి రెండు అడ్డంకులు ఉన్నాయి. కౌలు ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి రుజువు ఉండదు. పైగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కేంద్ర చట్టాన్ని సవరించుకున్నాయి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకున్నాయి. అందుకని భూసేకరణ నోటిఫికేషన్ వస్తే అది ఏ సెక్షన్ కింద ఇచ్చారో ముందు చూడండి, పరిహారంతో పాటు పునరావాసం ఎలా ఇస్తారో తేల్చుకోండి. రుజువు కోసం పంట సాగుదారు హక్కు పత్రం ఉందా? లేకపోతే దరఖాస్తు పెట్టండి. యజమాని సంతకం పెట్టనంటే ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు, కౌలు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, ఏవి ఉంటే అవి ఒక కవర్లో పెట్టండి. సభలో లేచి, "ఈ సర్వే నంబర్లలో కౌలు రైతులు ఎంతమంది ఉన్నారో మీ నివేదికలో ఏ పేజీలో ఉంది?" అని అడగండి. చాలా నివేదికల్లో ఆ లెక్కే ఉండదు. లేదని మినిట్స్‌లోకి ఎక్కితే మీ ఒక్క కుటుంబానికే కాదు, ఆ భూముల్లో కౌలు చేసే అందరికీ అది ఆధారం.

మీవారి భయం గురించి. ఉన్న మాట చెబుతాను. థర్మల్ ప్లాంట్ల మీద జరిగిన ఉద్యమాల్లో కేసులు పెట్టిన మాట నిజం. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు. కానీ చట్టం ప్రకారం పెట్టిన సభలో, కలెక్టరో అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించి, మొత్తం వీడియో తీస్తున్న చోట, ఒక మనిషి లేచి ప్రశ్న అడగడం నేరం కాదు. ఆ సభ ఉన్నదే అందుకు. వచ్చినవాళ్లందరికీ కంపెనీని సమాచారం అడిగే హక్కు ఉందని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. ఒంటరిగా వెళ్లకండి, సంఘం ఆడవాళ్లంతా కలిసి వెళ్లండి, ముందే కూర్చుని ఎవరు ఏ ప్రశ్న అడగాలో పంచుకోండి. మీవారికి మాట్లాడటం ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి, రాతపూర్వక అభ్యంతరం మీద సంతకం చేయమని మాత్రం అడగండి. ఖాళీ కాగితం మీద, మీటింగ్ హాజరు అని చెప్పి ఎవరు సంతకం అడిగినా పెట్టకండి. అలాంటి సంతకాలు తర్వాత సమ్మతి పత్రాలుగా మారాయన్న ఫిర్యాదులు చాలా ఊళ్లలో వినిపిస్తాయి.

సభను ఆపాలని, టెంట్లు పీకాలని ఎవరైనా ఆవేశపడితే మీరు అడ్డుపడండి. ఇది నేను చాలా గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని అధికారులు నివేదిస్తే, అసలు సభే లేకుండా ముందుకు వెళ్లవచ్చని ఆ నోటిఫికేషన్‌లోనే ఒక నిబంధన ఉంది. అల్లరి జరిగితే మీ నోరు మీరే మూసుకున్నట్టవుతుంది, ఫైలు మాత్రం కదులుతుంది.

ఊరి నుంచి హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లినవాళ్లకు మీ ఊళ్లో భూములుంటే వాళ్లు కూడా ఈ సభను ఏర్పాటు చేసే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. ఆ ఉత్తరాలన్నీ సభ రికార్డులో భాగమే. వాట్సాప్ గ్రూపులో ఆవేదన పంచుకోవడంతో ఆపేయకుండా, ఒక పేజీ రాసి పంపమనండి. అభ్యంతరం ఎప్పుడూ ఇలా ఉండాలి: నివేదికలో ఫలానా పేజీలో ఇలా రాశారు, నిజం ఇది, రుజువు ఇదిగో, దీనికి జవాబు కావాలి. మూడు కాపీలు చేయండి, ఒకటి మండలికి, ఒకటి కలెక్టర్ ఆఫీసుకు, ఒకటి స్టాంపు వేయించుకుని మీ దగ్గర.

సభ ముగిసేటప్పుడు చాలామంది ఎండకు తాళలేక లేచి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. అభిప్రాయాల సారాంశాన్ని చివర్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి దాని మీద సంతకం చేయాలి. చదివేటప్పుడు మీ ప్రశ్న రాలేదంటే అక్కడే చేయి ఎత్తి చేర్పించండి. ప్రశ్నలూ వాటికి కంపెనీ చెప్పిన జవాబులూ తెలుగులో, ఇంగ్లిష్‌లో పట్టికగా తయారుచేసి మినిట్స్‌కు జతచేయాలి. తర్వాత ఆ మినిట్స్ పంచాయతీ ఆఫీసులో అతికించాలి. వీడియో కాపీ కోసం సమాచార హక్కు కింద మండలికి దరఖాస్తు పెట్టండి.

ప్లాంటు కరెంటు నిజంగా అవసరమా, యూనిట్ ధర ఎంత పడుతుంది అన్న ప్రశ్నలు మీ సభలో అడగవచ్చు గానీ, పర్యావరణ కమిటీ వాటిలోకి పెద్దగా వెళ్లదు. వాటికి వేదిక విద్యుత్ నియంత్రణ మండలి. కొనుగోలు ఒప్పందం దాని ముందుకు వచ్చినప్పుడు ప్రజల అభిప్రాయం అడుగుతారు. మీ జిల్లాలో రైతు సంఘాలు ఏవైనా ఆ విచారణలకు వెళ్తుంటే వాళ్లకు ఈ విషయం అప్పగించండి.

ఇవన్నీ చేసినా అనుమతి వస్తే, గడియారం వెంటనే మొదలవుతుందని గుర్తుంచుకోండి. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, వాటిలో ఒకటి తెలుగు పత్రిక. పంచాయతీకి కాపీ పంపాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు వేయడానికి 30 రోజులే గడువు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. మన రెండు రాష్ట్రాలకూ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం అడగని అప్పీలుకు ఫీజు 1000 రూపాయలు. లాయర్ ఖర్చు గురించి భయం వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇప్పుడే ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోండి, అనుమతి వచ్చాక వెతుక్కుంటే ఆ 30 రోజులూ చాలవు.

అప్పీలు వేయకూడదని ఊరంతా నిర్ణయించుకున్నా, ప్లాంటు వచ్చేసినా, అనుమతి కాగితంలో ఉన్న షరతులు మీకు ఆసరాగా ఉంటాయి. అనుమతి షరతులు ఎంతవరకు పాటించిందో కంపెనీ ఏటా జూన్ 1, డిసెంబర్ 1 తేదీలకు నివేదిక ఇవ్వాలి. అది ప్రజలకు అందుబాటులో ఉండాల్సిన పత్రం. బూడిద చెరువుకు పొర వేశామని అందులో రాసి ఉంటే, వేశారో లేదో చూడ్డానికి మీ సంఘంలో ఇద్దరిని ఇప్పుడే పెట్టుకోండి.